మొదటి గొడుగు తెరిచిన రోజు

ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఆ ఊళ్ళో ఏ తారీఖు తీసుకున్నా చరిత్రలో సరిగ్గా ఐదు సంఘటనలే జరిగాయి. ఆరోది జరగడానికి వీల్లేదు, నాలుగుతో ఆగడానికీ వీల్లేదు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క దినపత్రిక ఐదో పేజీలో, ఎడమ మూలన ‘నాటి నేడు’ అనే శీర్షిక ఉంటుంది. దాని కింద బట్టతల తైలం ప్రకటన ఉంటుంది. ఆరో సంఘటన జరిగితే తైలం సీసా అడుగు తెగిపోతుంది. నాలుగే జరిగితే సీసాకీ చరిత్రకీ మధ్య తెల్లటి ఖాళీ మిగులుతుంది. రెంటికీ యాజమాన్యం ఒప్పుకోదు. కనుక లోకం పుట్టినప్పటి నుంచీ మనుషులు రోజుకి ఐదు చొప్పున, కొలత తప్పకుండా ఘనకార్యాలు చేసుకుంటూ వచ్చారు. ఈ సంగతి మీద ఊళ్ళో ఎవరికీ అనుమానం లేదు.

ఈ ఐదింటినీ ఏరి కూర్చే ఉద్యోగిని ఆఫీసులో అందరూ తేదీలాయన అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన మెట్ల కింది గదిలో, పత్రిక పాత సంపుటాల మధ్య తుమ్ముతూ కూర్చున్నాడు. పనికి ఒకటే నియమం: మన పత్రికలో ఒకసారి పడితేనే అది సంఘటన, పడకపోతే జరగనట్టే. ఎడిటరు గారు ఈ వాక్యాన్ని అట్టముక్క మీద అందంగా రాయించి ఆ గది గోడకి కొట్టించారు. ఎంతో సౌకర్యమైన నియమం. పండితులు మట్టి తవ్వి, రాళ్ళు తోమి, ఒకరినొకరు నానా మాటలూ అనుకుని తేల్చుకోలేని సంగతుల్ని ఇక్కడ నిచ్చెనెక్కి ఒక సంపుటం కిందికి దించి తేల్చేస్తారు.

చిక్కల్లా తేదీలాయన అక్కతో వచ్చింది. ఆవిడ బట్టలు కుడుతుంది. ఆవిడకి పద్నాలుగేళ్ళు, తమ్ముడికి మూడేళ్ళు ఉన్నప్పుడు, వాళ్ళ నాన్న పనిచేసే నేత మిల్లులో బాయిలరు పేలింది. భోజనం క్యారేజీ పట్టుకుని ఆవిడ అప్పుడే గేటు దగ్గరికి వెళ్ళింది. నాన్నతో కలిపి పంతొమ్మిది మంది పోయారు. మర్నాటి పత్రికలో ‘సాంకేతిక కారణాల వల్ల మిల్లుకు మూడు రోజులు సెలవు’ అని రెండు లైన్లు పడింది. మిల్లు యజమానీ, పత్రిక పెట్టిన పెద్దమనిషీ వియ్యంకులు. పిల్లనిచ్చి పుచ్చుకున్న ఇళ్ళ మధ్య ఒక బాయిలరు గురించి మాటా మాటా అనుకోవడం మర్యాద కాదు గదా. ఆ విధంగా పంతొమ్మిది మంది సెలవులో కలిసిపోయారు.

అమ్మ అంతకుముందే లేదు. ఆ రోజు మొదలు అక్కే మిషను ముందు కూర్చుని తమ్ముణ్ణి పెంచింది, చదివించింది, ఉద్యోగం దాకా లాక్కొచ్చింది. అతనికి ఈ శీర్షిక అప్పజెప్పారని తెలిసిన నాడు ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఒరే, నాన్న వాళ్ళది కూడా ఒక ముక్క వెయ్యరా. పెద్దగా ఏం వద్దు. ఒక్క లైను చాలు."

"అలాగే అక్కా, ఈ ఏడు తప్పకుండా వేస్తాను," అన్నాడు తమ్ముడు.

ఏటా అదే మాట. ఏటా ఆ తారీఖుకి ముందు తేదీలాయన ఎడిటరు గారి గదికి వెళ్ళడం, ఆయన "ఆధారం ఏదయ్యా?" అనడం, ఈయన సంపుటం తెరిచి సెలవు ప్రకటన చూపించడం, "అయితే సెలవిచ్చారని వెయ్యి, నేను వద్దన్నానా?" అని ఆయన నవ్వడం. అంత కష్టంలోనూ నవ్వించగల ఎడిటర్లు అరుదు.

ఆరేళ్ళ కిందట ఆ తారీఖుకి నాలుగే తేలాయి. దూరదేశపు రాజుగారి గుర్రం చచ్చిపోయిన రోజు, ఒక ఓడ మొదటిసారి నీళ్ళలోకి దిగిన రోజు, ఒక ఈతగాడు జలసంధి దాటబోయి సగం దాకా వెళ్ళి తిరిగొచ్చిన రోజు, ఊళ్ళో మొదటి వీధిదీపం వెలిగిన రోజు. ఐదోదిగా ఒక వంతెన ప్రారంభోత్సవం పడుతూ ఉండేది గానీ, ఆ యేడు వంతెనే కూలిపోవడంతో ప్రారంభోత్సవం జరగలేదని పైనుంచి కబురొచ్చింది. సాయంత్రం ఐదైంది. తేదీలాయనకి ఆశ పుట్టింది.

"ఎలాగూ ఖాళీగా ఉంది కదండీ, బాయిలరు వేద్దాం," అన్నాడు.

"ఆధారం లేనివి వేస్తే పత్రిక పరువేం కాను?" అన్నారు ఎడిటరు గారు.

తేదీలాయనకి ఒళ్ళు మండిపోయింది. అక్కడే ఒక కాగితం లాక్కుని, ‘నూట పన్నెండేళ్ళ కిందట ఇదే రోజున మన ఊళ్ళో మొట్టమొదటి గొడుగు తెరిచారు’ అని గీకి ఆయన ముందు పడేశాడు. పత్రిక పుట్టి అప్పటికి తొంభై ఏళ్ళైనా కాలేదు. ఆధారం అడుగుతాడు, అడిగితే ఇవాళ నాలుగూ కడిగేస్తాను అని బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ఎడిటరు గారు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఇదయ్యా కావలసింది. పొద్దున్నే పేపరు తీసినవాడి మనసుకి హాయిగా ఉండాలి," అని సంతకం పెట్టేశారు.

మరుసటి ఏడు గొడుగుకి ఆధారం ఉంది. నిరుటి పత్రికే ఆధారం. మూడో ఏడు గొడుగుల వర్తకులు బ్యాండు మేళంతో ఊరేగింపు తీశారు. నాలుగో ఏడు ఆ గొడుగు మా వీధిలో తెరిచారంటే మా వీధిలో తెరిచారని రెండు వీధులవాళ్ళు జుట్లు పట్టుకున్నారు. పోలీసులు మధ్యవర్తిత్వం చేసి, ఒక వీధిలో తెరిచారని, ఇంకో వీధిలో మూశారని రాజీ కుదిర్చారు. అప్పుడు కాలేజీ ఆచార్యుల వారు రంగంలోకి దిగారు. రెండేళ్ళు శ్రమించి నాలుగు వందల పేజీల పుస్తకం రాసి, ఆ గొడుగు నల్లనిదనీ, ఎనిమిది ఊచలనీ, పట్టుకున్న మనిషి ఎడమచేతి వాటమనీ నిర్ద్వంద్వంగా తేల్చారు. పుస్తకం చివర ఆధారాల పట్టికలో ఒకే ఒక్క పేరుంది. అది ‘నాటి నేడు’.

ఆ తరవాత ఇక అడ్డులేదు. బళ్ళో పిల్లలకి పాఠం పెట్టారు. గొడుగు తెరిచినవాడి మునిమనవళ్ళమంటూ పదకొండు కుటుంబాలు బయల్దేరాయి. ఆ రోజు ఊరికి సెలవిచ్చారు. నడివీధిలో కంచు గొడుగు నిలబెట్టి, నగరాధ్యక్షుల వారు కంఠం గద్గదం చేసుకుని మాట్లాడారు. "గొడుగంటే గుడ్డా ఊచలూ కాదు సోదరులారా. గొడుగంటే మన ఆత్మగౌరవం. గొడుగు రాకముందు మనం తలొంచుకుని తడిశాం. గొడుగు వచ్చాక కూడా తడిశాం. కానీ తలెత్తుకుని తడిశాం." జనం కళ్ళు ఒత్తుకున్నారు. కంచు గొడుగు కింద నీడకి నిలబడ్డ ముసలమ్మని, స్మారక చిహ్నానికి అపచారమని, కాపలావాడు అవతలికి పంపించాడు.

ఇలా ఉండగా బాయిలరుకి యాభయ్యో ఏడు వచ్చింది. అక్క కళ్ళు అప్పటికి సగం పోయాయి. యాభై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించిన కళ్ళు. ఇంకో ఏడాది చదవగలదని తాను మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు.

"ఒరే, ఈ ఏడు వేస్తే నేనే చదువుకుంటాను. ఇంకొకళ్ళ చేత చదివించుకోవడం నాకిష్టం లేదు," అంది అక్క.

తేదీలాయన తిన్నగా వెళ్ళి ఎడిటరు గారి ముందు నిజం కక్కేశాడు. గొడుగు లేదండీ, మీ ఎదుటే, ఈ బల్ల మీదే, కోపంలో నేను రాశాను అన్నాడు. ఎడిటరు గారు జాలిగా చూశారు.

"నీకెలా తెలుస్తుందయ్యా? గొడుగు తెరిచిన నాటికి నువ్వు పుట్టనేలేదు."

"బాయిలరు పేలిన నాటికి పుట్టానండీ. మా నాన్న పోయాడు."

"అదే చెప్తున్నా. సొంతవాళ్ళ సంగతిలో నీ మాట చెల్లదు. పక్షపాతం ఉంటుంది." అని ఆయన పేజీ మీద సంతకం పెట్టి ఇచ్చేశారు. న్యాయమూర్తులు నేర్చుకోదగిన మాట.

సంతకం పడ్డాక పేజీలో ఒక్క అక్షరం మార్చినా ఉద్యోగం ఊడుతుంది. తేదీలాయన పేజీ పట్టుకుని మెట్లు దిగుతూ దిగుతూ రాజుగారి గుర్రాన్ని కొట్టేశాడు. దాని చోట, ‘యాభై ఏళ్ళ కిందట ఇదే రోజున మన నేత మిల్లులో బాయిలరు పేలి పంతొమ్మిది మంది కార్మికులు చనిపోయారు’ అని రాశాడు. అక్షరాలు బాగానే కుదిరాయి. తైలం సీసాకి ఏ హానీ జరగలేదు.

పొద్దున్నే అక్క కిటికీ దగ్గర కూర్చుని, పేపరు ముక్కుకి ఆనించుకుని, ఆ లైను మీద వేలు పెట్టుకుని చదివింది. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఆ పూట మిషను తొక్కలేదు. అక్క ముఖంలో అంత వెలుగు తేదీలాయన తన జన్మలో చూడలేదు. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాడు.

ఎనిమిదింటికే ఊరు అట్టుడికిపోయింది. పండగ పూట చావు కబురేమిటని వర్తకులు, గుర్రం ఏమైందని పింఛనుదారులు ఆఫీసు మీద పడ్డారు. తేదీలాయన చేతికి సంజాయిషీ కాగితం వచ్చింది. అంతలో గొడుగు ఉత్సవ సంఘం కార్యదర్శి దిగాడు. ఊరికి పెద్ద తలకాయ. ఎవరినీ నొప్పించడు. ఆచార్యుల వారిని పక్కగదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. పదకొండు గంటలకల్లా సత్యం బయటపడింది. ఆ పంతొమ్మిది మందీ ఆ రోజు మిల్లులో నేస్తున్నది గొడుగు గుడ్డ. గొడుగు కోసం ప్రాణాలిచ్చిన అమరవీరులు వాళ్ళు. సంజాయిషీ కాగితాన్ని వెనక్కి తీసుకున్నారు. గొడుగు మాట ప్రస్తావించనందుకు చింతిస్తున్నామని మర్నాటికి సవరణ సిద్ధం చేశారు. సాయంత్రం సభలో అమరవీరుడి కూతురికి సన్మానమని, అక్కని తీసుకురావడానికి కారు పంపించారు.

"వద్దక్కా, అక్కడంతా నాటకం," అన్నాడు తేదీలాయన.

"మైకు ఇస్తారటరా?"

"ఇస్తారు."

"అయితే వెళ్దాం," అని అక్క ఉతికిన బట్టలు కట్టుకుంది. పెట్టె అడుగునుంచి పాత నోటుపుస్తకం కాగితం ఒకటి తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

సభ దివ్యంగా జరిగింది. వేదిక మీద ఇరవై ఏడు మంది పెద్దలు, కింద జనం. నగరాధ్యక్షుల వారు గంటన్నర మాట్లాడారు. తరవాత అక్క చేతికి ఒక నల్ల గొడుగు ఇచ్చి, రెండు ముక్కలు మాట్లాడమ్మా అన్నారు. అక్క గొడుగు కుర్చీలో పెట్టి మైకు దగ్గరికి వచ్చింది.

"మా నాన్న నేసింది గొడుగు గుడ్డ కాదండీ. దుప్పట్లు. బాయిలరు కారుతోందని మూడు రోజుల ముందే యజమానికి చెప్పారు వాళ్ళు. పని ఆపితే కూలి ఉండదన్నాడు. పోయినవాళ్ళ పేర్లు చదువుతాను. వినండి, చాలు."

గుప్పిట్లో కాగితం విప్పి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మొదటి పేరు చదివింది. జనం చప్పట్లు కొట్టారు. రెండో పేరుకీ కొట్టారు. పేర్లు చదవడం అంటే బహుమతులని ఆ ఊళ్ళో చిన్నప్పటి నుంచీ అలవాటు. అందరికంటే ముందు నగరాధ్యక్షుల వారు లేచి, చెయ్యి కలపడానికి మెట్ల పక్క నిలబడ్డారు. అక్క ఒక్కో పేరూ ఆగి ఆగి చదివింది. ఎవరూ మెట్లెక్కలేదు. ఎనిమిదో పేరు దగ్గర కార్యదర్శి రెండో మైకు అందుకున్నాడు.

"పేరు పిలిచినవాళ్ళు త్వరగా వేదిక మీదికి రావాలి. టైము లేదు. దయచేసి సహకరించండి."

అక్క ఆగలేదు. చప్పట్ల మధ్యా, హెచ్చరికల మధ్యా పంతొమ్మిదీ చదివింది. నాన్న పేరు చివర చదివింది. తేదీలాయన మొదటి వరసలో ముఖం చేతుల్లో దాచుకుని కూర్చున్నాడు. సిగ్గో, దుఃఖమో ఆయనకే తెలియలేదు.

మర్నాడు పత్రిక మొదటి పేజీలో గీత గీసిన పెట్టెలో వార్త పడింది. ‘సన్మానానికి పిలిచినా రాని పంతొమ్మిది మంది. మెట్ల దగ్గర అరగంట నిలబడ్డ నగరాధ్యక్షులు.’ కింద బాధ్యుల పేర్లు, అక్క కాగితం చూసి విలేకరి రాసుకున్నవి, వరస తప్పకుండా, అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. పత్రిక స్థాపించిన తరవాత ఆ పేర్లు అందులో పడటం అదే మొదటిసారి. నియమం ప్రకారం ఇకమీద వాళ్ళు ఉన్నట్టే.

అక్క కిటికీ దగ్గర చివరి పేరు మీద వేలు పెట్టుకుంది. "నాన్న పేరు తప్పుల్లేకుండా వేశారురా," అంది. తరవాత పేపరు ఒళ్ళో పెట్టుకుని, గేటు దగ్గర ఆ రోజు ఏడవనిదంతా ఏడ్చింది. తమ్ముడు పక్కన కూర్చుని ఏడ్చాడు.

మధ్యాహ్నానికి ఆఫీసుకి డెబ్బై మూడు ఉత్తరాలు వచ్చాయి. ఏరి వేసే పని తేదీలాయనకే అప్పజెప్పారు. పెద్దవాళ్ళు పిలిస్తే రాకపోవడం ఏం సంస్కారమని కొందరు అడిగారు. వాళ్ళ గొడుగులు వేరే అర్హులకి ఇవ్వాలని కొందరు, వాళ్ళ చేత బహిరంగంగా క్షమాపణ చెప్పించాలని కొందరు రాశారు. ఆ పంతొమ్మిది మందీ అసలెందుకు రాలేదో కనుక్కుందామన్న ఉత్తరం ఒక్కటైనా ఉంటుందేమోనని ఆయన సాయంత్రం దాకా వెతికాడు. చివరి ఉత్తరమూ క్షమాపణే అడుగుతోంది గానీ, అందరికంటే మర్యాదగా, గుండ్రటి అక్షరాలతో ఉంది. అది, ఈ కథ చదువుతున్న మీ చేతిరాతేనని ఆయన ఇట్టే గుర్తుపట్టాడు.