పక్కింటి టీవీలో పెళ్ళికొడుకు

వీరవెంకటసత్యనారాయణ గారికి పేరు ఎంత పొడుగో గుండె అంత మెత్తన. తన పెళ్ళిలో అప్పగింతల వేళ జానకీదేవి నిబ్బరంగానే నిలబడింది, వెక్కివెక్కి ఏడ్చింది పెళ్ళికొడుకే. కానీ ఆఫీసులోనూ, కూతురు హరిణి దగ్గరా, పంజగుట్టలో వాళ్ళ అపార్ట్‌మెంటంతటా ఆయన చెప్పుకునే కథ వేరు. "జానకి ఒకటే ఏడుపు. నేనే ఓదార్చాను."

"అబద్ధం చెప్పినా అతికినట్టుండాలండీ," అనేది జానకి.

"సాక్ష్యం ఉందా?"

"పెళ్ళి క్యాసెట్టుంది."

"అది ఆడించే మిషనేది?" అని మీసం తిప్పేవారాయన.

ఆ మీసానికి గండం కూతురి రూపంలో వచ్చింది. సెలవులకొచ్చిన హరిణి ఆ క్యాసెట్టును అమీర్‌పేటలో కంప్యూటర్ ఫైలుగా మార్పించి, తండ్రి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. "పెళ్ళిరోజున టీవీలో వేసి అమ్మకి చూపించు నాన్నా," అని చెప్పి బెంగళూరు రైలెక్కింది.

సత్యనారాయణ గారు తలుపేసుకుని అప్పగింతల ముక్క కత్తిరించేసి, మిగతాది పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నారు. టీవీకి గుచ్చితే సన్నాయి వినిపించింది గానీ బొమ్మ రాలేదు. ఫైలు మార్చి తెస్తే బొమ్మ వచ్చింది, సన్నాయి పోయింది. రెండూ కలిసి రావడానికి ఆయన అమీర్‌పేట చుట్టూ చేసిన ప్రదక్షిణలు ఏ గుళ్ళో చేసినా మోక్షం వచ్చుండేది.

పెళ్ళిరోజు సాయంత్రం జానకి పట్టుచీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంది. జీలకర్ర బెల్లం అయింది. తలంబ్రాలయ్యాయి. ఆ వెంటనే పెళ్ళి కారు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది.

"అప్పగింతలేవీ?"

"అక్కడ క్యాసెట్టు అరిగిపోయిందట."

ఇక యుద్ధమేనని ఆయన నడుం బిగించారు. జానకి దెబ్బలాడలేదు.

"నాన్న మాట్లాడింది ఆ ఒక్క చోటేనండీ," అంది. "ఆయన గొంతు ఎలా ఉండేదో మరిచిపోతున్నాను."

కాఫీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సత్యనారాయణ గారికి మనసు చివుక్కుమంది. గదిలోకి పరుగెత్తి, ల్యాప్‌టాప్‌లో అసలు ఫైలు పెట్టి, వైరు లేకుండా టీవీకి పంపే బొత్తాం నొక్కారు. ఒకే పేరుతో రెండు టీవీలు కనిపించాయి. ఒకటి నొక్కేసి హాల్లోకొచ్చి చూస్తే తమ టీవీ నల్లగా ఉంది. వెనక్కి వెళ్ళి సౌండు పెంచారు. ఇంకా పెంచారు.

తలుపు దబదబా మోగింది. పక్కింటి లచ్చమ్మ. పోయిన దసరాకి రెండిళ్ళవాళ్ళూ ఒకే రకం టీవీ కొన్నారు.

"జానకక్కా! మా టీవీల మీ సారు ఏడుస్తుండు! జర వచ్చి చూడుండ్రి!"

"మీ టీవీలోనా?"

"ఏమో అక్కా, టీవీ ఏదో అడిగింది, సరేనని రిమోట్ ఒత్తిన. పెండ్లి షురూ అయింది!"

జానకి పరుగెత్తింది. వెనకాలే పెళ్ళికొడుకు, పిల్లిలా.

తెర మీద బాసికం జారిపోయేలా ఏడుస్తున్నాడు కుర్ర సత్యనారాయణ. మామగారు కండువాతో అతని కళ్ళు తుడుస్తున్నారు. "ఊరుకో నాయనా. అమ్మాయిని నీకు అప్పగించాలో, నిన్ను అమ్మాయికి అప్పగించాలో తెలియడం లేదు నాకు."

జానకి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు.

"చూసినవా?" లచ్చమ్మ తన భర్త రాజనర్సయ్యని పొడిచింది. "మన పెండ్లిల నువ్వు ఒక్క సుక్క సుత రాల్చలే."

"అప్పుడు నీ సంగతి నాకెర్క లేకపాయె. ఎర్కుంటే నేను సుత మస్తు ఏడ్సేటోణ్ణి."

సత్యనారాయణ గారు తల దించుకున్నారు. "ఆ ముక్క నేనే కత్తిరించాను జానకీ."

"తెలుసు లెండి. కార్లో కూర్చున్నప్పుడు మీ కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి, వాటిని కత్తిరించడం మరిచిపోయారు. అడిగితే ఇవ్వరని కాఫీకి వెళ్ళాను."

"అయితే నాన్న గొంతు మరిచిపోతున్నానన్నది..."

"అది నిజమేనండీ," అంది మెల్లగా. "కాఫీ ఒక్కటే అబద్ధం. మళ్ళీ పెట్టండి."

ఆయన వెళ్ళి మళ్ళీ పెట్టొచ్చి, పక్కింటి సోఫాలోనే కూర్చున్నారు. మామగారి మాట వచ్చేసరికి తెర మీదా, సోఫా మీదా ఒకే మనిషి ఏడుస్తున్నాడు. తెర మీది కళ్ళు మామగారు తుడిచారు. సోఫా మీది కళ్ళు ఆ మామగారి కూతురు తుడిచింది.