చలికాలంల మా బాపు

ఆసిఫాబాదులో దుప్పట్లు అమ్మే ముత్యానికి పులి అంటే భయం లేదు, ఎన్నడూ చూడలేదు కాబట్టి. చలిని మాత్రం రోజూ చూస్తున్నాడు. అంతకన్నా పెద్ద భయం భార్య రోజారాణి.

ధనుర్మాసం పట్టిందంటే ఆమె పొద్దున్నే పులగం వండుతుంది. స్నానం చేయనివాళ్లకు గిన్నె కూడా చూపించదు. అందుకని ముత్యం స్నానాల గదిలో దూరి, బకెట్టెడు ఉడుకునీళ్లు కిటికీలోంచి పారబోసి, తల తడుపుకొని, గోవిందా అంటూ పులగం ముందు కూర్చునేవాడు.

ఇరవై రోజులు నిక్షేపంగా గడిచాయి. కిటికీ కింద కరివేపాకు చెట్టు మాత్రం మాడిపోయింది. పక్కింటి లింగవ్వే సబ్బునీళ్లు పోసిందని రోజారాణి ఆమెతో మాటలు బంద్ చేసింది. అసలు సంగతి తెలిసిన ముత్యం నోరు విప్పలేదు. ఒకనాడు పారబోస్తుంటే పెరట్లోంచి కూతురు దీపిక చూసింది. ఆ పిల్లా ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో బళ్లో పోటీ పెట్టారు. చలికాలం మీద, సంక్రాంతి సెలవుల మీద పిల్లలు ఇంట్లో చూసింది చూసినట్టు సొంతంగా కవిత రాసి, అమ్మానాన్నల ముందు చదవాలి. ముత్యం దొంగతనంగా దీపిక సంచిలోని కాగితం విప్పాడు. పైన 'చలికాలంల మా బాపు' అని ఉంది. కిందికి చదివే ధైర్యం లేక మడిచేశాడు.

"పోరి సంచిల ఏం దేవులాడుతున్నవ్?" వెనకనుంచి రోజారాణి.

"పెన్ను."

"చేతులెందుకు వణుకుతున్నయ్?"

"చలి."

"ఇప్పుడే గదయ్యా ఉడుకునీళ్లు పోసుకున్నవ్?"

"గవే సల్లారుతున్నయ్."

కొట్లో కూర్చుని మంచు, సూర్యుడు, గాలిపటం కలిపి ఎనిమిది పాదాలు తనే రాశాడు. కూతురి కాగితం చించేసి దీన్ని సంచిలో పెట్టాడు. తనదే బాగుందనిపించింది కూడా.

పోటీనాడు రోజారాణి ముందు వరుసలో కూర్చుంది. రెండు కుర్చీల అవతల లింగవ్వ, మనవరాలి కోసం వచ్చింది. దీపిక కాగితం విప్పి చూసింది.

"టీచర్, ఇది నాది కాదు. మా బాపు రాత."

"నీది నోటికి వస్తదా?" అంది టీచరమ్మ.

"వస్తది."

"పోరికి జ్వరం," అంటూ ముత్యం లేవబోయాడు. రోజారాణి చొక్కా పట్టి కూర్చోబెట్టింది. దీపిక చేతులు కట్టుకుని మొదలుపెట్టింది.

"చలికి మా ఊరు వణుకుతది
సెలవులల్ల వాకిట్ల ముగ్గు నవ్వుతది
అందరం ఉడుకునీళ్లు పోసుకుంటం
మా బాపు పోసుకోడు
కిటికీలకెల్లి కల్యమాకు చెట్టుకు పోస్తడు
పాపం దానికి చలి పెడ్తదని
మా బాపు మస్తు మంచోడు"

అందరూ చప్పట్లు కొట్టారు. టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. బిడ్డ తనను ఇంత మంచోడనుకుంటున్నందుకు ముత్యానికి నిజంగానే సిగ్గేసింది.

లింగవ్వ మెల్లగా ఇటు వంగింది. "రోజా, నా సబ్బునీళ్లు దొరికినయా బిడ్డా?"

ఇంటిదాకా రోజారాణి లింగవ్వ చెయ్యి పట్టుకుని ముందు నడిచింది. ముత్యానికి అన్నిటికన్నా అది చూస్తేనే భయం వేసింది.

మర్నాడు స్నానాల గదిలో బకెట్టులో వేలు పెట్టాడు. మంచులా ఉంది. పారబోద్దామని కిటికీ తెరిస్తే, సరిగ్గా దాని కింద రెండు పీటలేసుకుని రోజారాణీ లింగవ్వా చాయ్ తాగుతున్నారు.

"ఉడుకునీళ్లు చెట్టుకే పడలే, నీకేం పడ్తయయ్యా," అంది రోజారాణి తల ఎత్తకుండానే. "చప్పుడు వినబడాలె. కానియ్యి."

తలుపు అవతల దీపిక నోటుబుక్కు తెరిచింది.

"బాపు, జర గట్టిగ వణుకు. రెండోది రాస్తున్న."