స్తంభం వెనక గుమాస్తా

మా ఊరి జనన మరణాల కార్యాలయానికి కొత్తగా వచ్చిన అధికారిగారు పరిపాలనను చూపు మీద నిలబెట్టారని చెప్పడానికి సంతోషిస్తున్నాను. ఆయన కంటి నుంచి ఉద్యోగి దాకా ఏ అడ్డూ లేకుండా తిన్నగా గీత పోతే అది చూపురేఖ. ఆ రేఖలో ఉన్నవారే పనిలో ఉన్నట్టు. ఉత్తర్వు వెలువడగానే అటెండరు ఆయన కళ్లద్దాలకు పురికొస ముడివేసి, హాలంతా లాగి, సుద్దతో హద్దులు గీశాడు.

మర్నాటికల్లా బల్లలన్నీ హద్దులోకి దూరాయి. పొట్టి టైపిస్టు రెండు రిజిస్టర్లు వేసుకుని వాటిమీద కూర్చుంది. సూపరింటెండెంటుగారు గుర్రుపెడుతున్నా కనిపిస్తున్నారు గనుక, ఆయన దీక్షను అధికారిగారు మెచ్చుకున్నారు.

ఒక్క గుమాస్తా మాత్రం స్తంభం వెనకే ఉండిపోయాడు. రికార్డుల బీరువాలు అక్కడున్నాయి, సర్టిఫికెట్లు రాసేది ఆయనొక్కడే. పదకొండు రోజులు తలెత్తకుండా రాశాడు, పదకొండు రోజులూ గైర్హాజరు పడింది. మా అమ్మాయిని బడిలో చేర్చడానికి కావలసిన పుట్టిన సర్టిఫికెట్టు కూడా ఆయన బల్లమీదే ఉంది. సంతకమొక్కటే తరువాయి.

గుమాస్తా గాభరాపడి అధికారిగారి ఎదుటికి వెళ్లాడు.

"సార్, నేను రోజూ వస్తూనే ఉన్నానండి!"

"ఇప్పుడు కనిపిస్తున్నావు, కాదనను. కానీ ఇక్కడ నీకు సీటు లేదే! సీటు వదిలి తిరుగుతున్నందుకు మెమో తీసుకో."

స్తంభం తీసేస్తే కప్పు కూలుతుంది. అధికారిగారి కుర్చీ జరిపితే హోదా కూలుతుంది. కాబట్టి గుమాస్తాను తీసేయడమే క్షేమమని తేలింది. అయినా అధికారిగారు న్యాయం తప్పే మనిషి కారు. క్యూలో ఉన్న మావైపు తిరిగి గంభీరంగా అడిగారు:

"ప్రజలారా! ఇతను పనిచేస్తుండగా మీలో ఎవరైనా చూశారా?"

అందరం చూసినవాళ్లమే. రోజూ గుమాస్తా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లమే. గుమాస్తా మా ముఖాలను ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. అధికారిగారికి కనిపించనిది మాకు కనిపించిందంటే బాగుండదని, అందరం నేల చూపులు చూశాం. నాకు సిగ్గేసింది, కానీ క్యూలో నాది రెండో నంబరు.

ఆ సాయంత్రమే గుమాస్తా టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. కాగితాలు స్తంభం వెనకే ఉన్నాయి. కుర్చీలోంచి కనిపించవు గనుక, పెండింగు ఏమీ లేదని పైకి నివేదిక వెళ్లింది.

ఇంటికి రాగానే మా ఆవిడ ఎదురొచ్చింది.

"ఏమైందండీ? మన పిల్ల పుట్టినట్టేనా?"

"ఇంకా లేదు. కానీ అధికారిగారు ఇవాళ నన్ను చూశారే!" అన్నాను.