గద్ద కంటే ముందే గుడ్డు

ఆ రోజు పొద్దున లైన్ ఇన్‌స్పెక్టరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పది గంటలకు క్రేను వస్తుంది. చెరువు గట్టున కరెంటు స్తంభం మీద కాపురం పెట్టిన చేపల గద్దల గూడును, పక్కనే కొత్తగా పాతిన తీగల్లేని స్తంభం మీదికి మారుస్తారు. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి, తలుపేసుకుని, వారం రోజులు నిద్రపోతాడు. సెలవు చీటీ మీద ఇంజనీరు సంతకం కూడా పడింది.

నిద్రకు ఆయన మొహం వాచి ఉన్నాడు. గద్దలు రెండూ కుర్రవి, కాపురానికి కొత్త. మగది తనకంటే పొడుగున్న పుల్లలు మోసుకొచ్చి సగం గూట్లో, సగం తీగల మీద పడేస్తుంది. పుల్ల పడ్డప్పుడల్లా కరెంటు పోతుంది. కరెంటు పోయినప్పుడల్లా ఊరు ఊరంతా ఇన్‌స్పెక్టరుకే ఫోను చేసి, ఆ గూడు ఆయనే కట్టినట్టు తిడుతుంది.

ఇంట్లో సంగతి వేరు. పక్షి ప్రేమికుల సంఘం వాళ్లు గూటికి కెమెరా బిగించినప్పటినుంచి ఆయన భార్యకు లోకంలో ఇంకో పని లేదు. పొద్దస్తమానం టీవీలో గూడే. మగది చేప తెస్తే "మా నాయనే!" అని మురిసిపోతుంది. ప్లాస్టిక్ సంచీ తెస్తే "పాపం, తెలియక తెచ్చాడు" అని వెనకేసుకొస్తుంది. తాను తెచ్చిన ఏ వస్తువునూ ఆవిడ ఇలా వెనకేసుకురాలేదని ఇన్‌స్పెక్టరు గమనించాడు గానీ, నోరెత్తే ఓపిక లేక ఊరుకున్నాడు.

"గూట్లో గుడ్డు పడితే ఇంక కదల్చకూడదటగా, మీ ఆఫీసు రూలు?" అంది ఆవిడ.

"పిల్లలు ఎగిరిపోయేదాకా ముట్టుకోకూడదు. మూణ్ణెల్లు."

"అయితే క్రేను వచ్చేలోగా పెట్టేయవే తల్లీ" అని టీవీకి చెప్పి, ఆయన వైపు తిరిగింది. "నేను స్నానం చేసొస్తా. కాస్త చూస్తూ ఉండండి. కళ్లు మూశారంటే ఊరుకోను."

ఆయన కళ్లు మూశాడు.

ఇక్కడ ఆయన అలవాటొకటి చెప్పుకోవాలి. పెళ్లయిన కొత్తలో భార్య అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పేవాడు. ఏ జవాబు చెప్పినా దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుందని తెలిశాక, అన్నిటికీ కలిపి "ఆఁ" అనడం మొదలుపెట్టాడు. ఇప్పుడు నిద్రలో కూడా సరిగ్గా అదనుకు అనగలడు.

"ఏవండీ, చూస్తున్నారా?" బాత్రూంలోంచి కేక.

"ఆఁ."

"గుడ్డు పెట్టిందా?"

"ఆఁ."

ఆయనకు మెలకువ వచ్చేసరికి ఆవిడ తడి జుట్టుతోనే ఫోను పట్టుకుని, కెమెరా కింద కామెంటు రాసేసింది. 'మొదటి గుడ్డు! మావారు కళ్లారా చూశారు!'

"ఒక్క నిమిషం..." అన్నాడు. ఆవిడ కళ్లల్లో నీళ్లు చూసి, మిగతాది మింగేశాడు. టీవీలో ఆడగద్ద గూటిని కరుచుకుని కూర్చుంది. దాని కింద ఏముందో ఎవరికీ కనిపించదు.

అభినందనలు వరద కట్టాయి. సంఘం అధ్యక్షురాలైన లెక్కల టీచరు ఇంజనీరుకు ఫోను చేసింది. ఇంజనీరు ఇన్‌స్పెక్టరుకు చేశాడు.

"ఏమయ్యా, గుడ్డు నువ్వే చూశావట?"

"అదీ... సార్..."

"మన డిపార్టుమెంటు మనిషే చూశాక ఇంకేం తిరుగుంది? క్రేను వెనక్కి పంపించేశా. నీ సెలవు రద్దు. పిల్లలు ఎగిరేదాకా ఆ స్తంభం పూచీ నీదే. గట్టు మీదికి రా, విలేకరి నీకోసం చూస్తున్నాడు."

ఇన్‌స్పెక్టరుకు ఏడుపొక్కటే తక్కువ. నిజం చెబితే సెలవు దక్కుతుంది, ఇంట్లో మొహం చెల్లదు. భార్యను వెంటబెట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ గట్టు చేరాడు.

"గుడ్డు ఏ రంగులో ఉందండీ?" విలేకరి అడిగాడు.

"గుడ్డు రంగులోనే" అన్నాడు.

అంతలో మగగద్ద ఇంకో పుల్ల తెచ్చింది. ఆడది దాన్ని కసిరి, లేచి నిలబడింది. జనమంతా ఫోన్లలోకి తొంగిచూశారు. గూట్లో పాత రబ్బరు చెప్పు ఒకటి తప్ప ఏమీ లేదు.

"చెప్పును చూసి గుడ్డనుకున్నారా?" అంది లెక్కల టీచరు.

భార్య ఆయన దగ్గరికొచ్చింది. "అసలు మీరు చూశారా?"

"ఆఁ" అనేశాడు అలవాటుగా.

ఆ 'ఆఁ' విలువ ఎంతో ఆవిడకు అప్పుడర్థమైంది. పక్కకు వెళ్లి నిలబడింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఇంజనీరు మండిపడుతూ క్రేనును మళ్లీ పిలిపించాడు. అది వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది, ఆడగద్ద మళ్లీ గూటిని కరుచుకుని కూర్చుంది. లైను ఆపారు, దాంతో కెమెరా కూడా ఆగింది. "ఎక్కు! గూడు మార్చేసి నీ సెలవు నువ్వు తీసుకో" అన్నాడు ఇంజనీరు.

క్రేను తొట్టి పైకి లేచింది. ఆడగద్ద అరుస్తూ గాల్లోకి ఎగిరింది. ఇన్‌స్పెక్టరు గూట్లోకి తొంగిచూశాడు. చెప్పు పక్కన, గడ్డి మీద, గోధుమరంగు మచ్చలతో గుడ్డు.

కింద ఎవరికీ కనిపించదు. గడ్డి కప్పి, గూడు మొత్తాన్ని పక్క స్తంభం మీద పెట్టేస్తే అడిగేవాడు లేడు. మంచం, దిండు, మూసిన తలుపు కళ్ల ముందు మెదిలాయి. ఇంతలో మగగద్ద పుల్లతో తిరిగొచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన నెత్తి మీదే చక్కర్లు కొట్టింది. పొద్దున్నుంచీ మోస్తున్నది, తెచ్చిన ప్రతిదానికీ కసిరించుకుంటున్నది. ఆయనకు దాని మీద ఎక్కడలేని జాలి పుట్టింది.

"సార్! గుడ్డుంది!"

"ఇవాళ్టికి నీ గుడ్లు చాలయ్యా! పని కానియ్!"

జనం గొల్లుమన్నారు. భార్య మాత్రం స్తంభం దగ్గరికొచ్చి తలెత్తింది. "ఏవండీ! గుడ్డు పెట్టిందా?"

"పెట్టిందే! ఒక్కటే ఉంది. మచ్చలున్నాయి. చెప్పుకు ఆనించి పెట్టింది, దొర్లకుండా. పొద్దున నేను నిద్రపోయాను, చూళ్లేదు. ఇప్పుడు చూస్తున్నా!"

ఆవిడ ఇంజనీరు వైపు తిరిగింది. "ఇది నిజం సార్. ఒక్క ప్రశ్నకు ఈయన నాకిన్ని మాటలు ఎప్పుడూ చెప్పలేదు."

కరెంటు ఇచ్చి కెమెరా పెట్టాక అందరూ చూశారు. క్రేను రెండోసారి వెనక్కి వెళ్లింది. సెలవు చీటీ ఇంజనీరు చేతిలో నాలుగు ముక్కలైంది.

సాయంత్రం టీవీ ముందు ఆవిడే ఆయన తల కింద దిండు సర్దింది. "సెలవు పోయిందని బాధగా ఉందా?"

"ఉంది."

"మరి ఎందుకు చెప్పారు?"

చూశారా, జవాబు చెబితే ఇదే గొడవ. అయినా ఆయన ఓపిక తెచ్చుకుని, లేచి కూర్చుని, ఇవాళ్టికైనా పూర్తిగా చెబుదామని నోరు తెరిచాడు.

కరెంటు పోయింది.