నల్లరాతి అరుగు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఓ లైబ్రరీ ముందు, కాస్త ఏటవాలుగా పొడవాటి నల్లరాతి అరుగు ఉంది. బ్రోన్‌విన్‌కి అది ఇరవై ఏళ్లుగా కొరకరాని కొయ్య. స్కేట్‌బోర్డుతో ఎగిరి, దాని అంచు మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా జారాలని ఆమె ఆశ. నలభై మూడేళ్లు వచ్చినా అది తీరలేదు. బోర్డులు జారకుండా మంగళవారం పదింటికి ఆ అంచుకు ఇనుప బొడిపెలు అంటిస్తామని కౌన్సిల్ నోటీసు పెట్టింది. అవి పడితే ఇక జారడం కల్ల.

అందుకే ఆమె ఆ పొద్దున ఎనిమిదింటికే వచ్చి, బోర్డు పొదలో దాచి, అది సులువుగా జారేలా అంచుకు మైనం పూయడం మొదలుపెట్టింది. ఎవరూ అడ్డుచెప్పకుండా పనివాళ్ల నారింజ రంగు కోటు తగిలించుకుంది. ఆ తెలివే కొంప ముంచింది.

"పాలిష్‌కి పంపింది నిన్నేనా? మైనమా? మా అమ్మమ్మ బల్లలకి ఇదే రాసేది," అన్నాడు వెనక నుంచి కౌన్సిల్ ఆఫీసరు నైజెల్.

"ఆ... నన్నే," అంది తేలు కుట్టిన దొంగలా.

"మరి అంచొక్కటే ఏంటి? అరుగంతా రుద్దు తల్లీ. మేయర్‌గారు ఫొటోకి వస్తున్నారు."

మైనం పలచగా ఉంటే బోర్డు జారుతుంది, ఎక్కువైతే మనిషే జారతాడు. ఆ మాట చెప్పాలంటే తానెవరో చెప్పాలి. దాంతో అరుగంతా రుద్దింది. మైనం అయిపోతే నైజెలే లైబ్రరీలోంచి కొవ్వొత్తుల కట్ట తెచ్చిచ్చి, కాఫీ తాగుతూ పక్కనే నిలబడ్డాడు. బ్రోన్‌విన్‌కి ఏడుపొచ్చినంత పనయింది.

పదింటికి స్టావ్రోస్ మేస్త్రీ జిగురుతో దిగాడు. మొదటి బొడిపె అంటినట్టే అంటి జారింది. రెండోదీ అంతే. మూడోది నైజెల్ కాఫీలో పడింది.

"ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత మొండి రాయిని చూళ్లేదు సార్," అన్నాడు స్టావ్రోస్.

అంతలో మేయర్ లోర్నా వచ్చి, ఫొటో కోసం ఎగువ కొసన కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే సాఫీగా దిగువ కొసదాకా జారిపోయింది. ఇరవై ఏళ్ల తన కల, కోటూ బూటూ వేసుకున్న పెద్దావిడ ఒక్క విసురులో కానిచ్చేస్తే బ్రోన్‌విన్ గుడ్లప్పగించి చూసింది. నైజెల్ మొహంలో నెత్తురు లేదు.

మేయర్ లేచి స్కర్టు దులుపుకుంది. "ఇంకోసారి జారతాను, ఫొటో సరిగ్గా తియ్యి," అంది కెమెరా అతనితో. తర్వాత నైజెల్ వైపు తిరిగింది. "దీనికి బొడిపెలు పెడదామన్నదెవరయ్యా? తీసుకెళ్లిపోండి."

నైజెల్ పాలిష్ పని వారంవారం బ్రోన్‌విన్‌కే అప్పగించాడు. పై మంగళవారానికి ఆమె మైనం గీకి పలచన చేసి, ఈ కొస నుంచి ఆ కొసదాకా జారింది. మోకాలు దోక్కుపోయినా నవ్వాగలేదు.

బోర్డులతో జారేవాళ్లు కనబడితే పేర్లు రాసి పంపమని నైజెల్ ఆమెకో పుస్తకం కూడా ఇచ్చాడు. అది ఇప్పటికీ కొత్తదే.