పదకొండు పేర్ల ఫలకం

2018 జూన్ 11, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఆళ్లగడ్డలో ఎండ నలభై ఒక్క డిగ్రీలు, పడమటి వేడిగాలి, మబ్బు జాడ లేదు. సరిగ్గా ఆ క్షణాన నంద్యాల సాంకేతిక వికాస సంఘం అధ్యక్షులు ఆదినారాయణగారు శిల్పి గురుస్వామి కొట్టంలో నిలబడి, "జ్ఞానం ఏ ఒక్కరి సొత్తూ కాదు! ఈ పొద్దు దాని సంకెళ్లు తెంచుతాండాం!" అని ప్రకటించారు. వినడానికి ఇంద్రజ, గురుస్వామి, సగం చెక్కిన మూడు దేవతా విగ్రహాలు ఉన్నాయి.

నిజానికి ఆ జ్ఞానానికి సంకెళ్లు ఎన్నడూ లేవు. 'కుందూ' అనే ఆ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను, అంటే వెబ్‌సైట్లు కట్టుకోవడానికి సిద్ధంగా అమర్చిన కోడ్‌ను, నంద్యాలలో ఇంద్రజ ఏడేళ్లు ఒంటరిగా రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని ఊరికే ఇచ్చేసింది. నలభై మూడు ఆసుపత్రులు, విత్తనాల దుకాణాలు దానిపై సైట్లు నడుపుతున్నాయి. తాను మంచాన పడితే వాటి గతేమిటన్న భయంతో దాన్ని బెంగళూరులోని ఒక పెద్ద ఫౌండేషన్‌లో చేర్చాలనుకుంది. వారు స్థానిక సంఘం సిఫారసునూ, బాగోగులు చూసేవారి జాబితానూ అడిగారు. సిఫారసు కోసం ఆమె ఆదినారాయణగారి గడప తొక్కింది. అన్ని అనర్థాలకూ అదే మూలం.

సంఘం ముందుగా చేసిన పని, కుందూను ఫౌండేషన్‌కు అందించిన వారి పేర్లతో శిలాఫలకం చెక్కించడం!

"పదకొండు పేర్లుండాయి. ఈ పాప పేరు యాడుందప్పా?" గురుస్వామి ఉలి ఆపి అడిగాడు.

"రాయి నిండిపాయె గదన్నా! నా పేరు ముందర 'మాజీ'లే నాలుగుండాయి. అయినా రాసినామె ఎవరో అందరికీ తెలుసు. తెలిసిందాన్ని చెక్కేదెందుకు?"

"అయితే తెలీనోళ్ల పేర్లే చెక్కుతాండానన్నమాట," అని గురుస్వామి మళ్లీ సుత్తి ఎత్తాడు.

ఇంద్రజ నవ్వుకుంది. రాతి మీద పేరు లేకుంటే కోడ్‌కు నష్టమేముంది? అయితే, రెండో జాబితా తయారుచేసే శ్రమ ఎందుకని ఆదినారాయణగారు ఆ ఫలకం ఫొటోనే బెంగళూరుకు పంపారు. ఫౌండేషన్ నియమబద్ధమైనది. పదకొండు మందికీ కోడ్ మార్చే అధికారమిచ్చి, జాబితాలో లేని ఇంద్రజ అధికారాన్ని రద్దు చేసింది! ఆమె మొరపెట్టుకుంటే, "పదకొండు మంది తీర్మానం జతపరచగలరు" అని మర్యాదగా జవాబిచ్చింది.

జూలై ఆరున కుందూలో ఒక లోపం బయటపడింది: రోగుల ఫోన్ నంబర్లు, జబ్బుల పేర్లు ఎవరైనా చదవవచ్చు. ఇంద్రజ ఆరు వరుసల సవరణ రాసింది. పదకొండు మందిలో ఇద్దరు ఆమోదిస్తున్నట్టు బటన్ నొక్కాలి. ఆమె ఆదినారాయణగారికి ఫోన్ చేసింది.

"అర నిమిషం పని సార్."

"యాడన్నా అట్ల నొక్కుతారామ్మా? మీటింగు పెట్టల్ల, కోరం రావల్ల. మొదట నేను నొక్కల్ల, తర్వాత గౌరవాధ్యక్షులు. ఆయప్ప సున్నిపెంటలో ఉండాడు."

"రోగుల వివరాలు బజారున పడతాండాయి సార్!"

"అందుకే గదా, బేగా పదహైదో తేదీకే పెట్టింది!"

ఆ సాయంత్రమే ఇంద్రజ కుందూను మొత్తంగా కాపీ చేసి, 'నల్లమల' అని పేరు మార్చి, లోపం సరిదిద్ది, దానికి మారమని నలభై మూడు చోట్లకూ ఫోన్ చేసింది. ఆమె రాసిన లైసెన్సు ఎవరినైనా అందుకు అనుమతిస్తుంది. ఆ ఎవరైనాలో ఆమె కూడా ఉంది.

మర్నాడు ఆదినారాయణగారు ఫోన్‌లో గర్జించారు.

"ఏందీ పని? సంఘం సొత్తు ఎత్తుకపోతావా? స్టేషన్లో కంప్లెయింటు ఇస్తాండా!"

"ఇయ్యండి సార్."

అవతల గొంతు మెత్తబడింది.

"అది గాదమ్మా... పోయిన వస్తువు ఏందో వివరంగా రాయమంటాండారు స్టేషనోళ్లు. మా పదకొండు మందిలో ఎవురికీ తెలీకపాయె. ఆ ముక్క నువ్వే రాసి పంపు తల్లీ!"

ఇంద్రజ రాసి పంపింది.

ఆరేళ్ల తర్వాత, 2024లో, సంఘం సొంత వెబ్‌సైట్ కట్టించుకుంది. అది నల్లమల మీద నడుస్తోంది.