తాబేళ్ళ దీవికి ముందస్తు గుండు

ఆ ఆదివారం పొద్దున అరుణాచలం తలపెట్టింది చాలా చిన్న పని. తిరువళ్ళూరులో రైలెక్కి తిరుత్తణి వెళ్ళి, అత్తకు ఒక మాట చెప్పి, భోజనం వేళకు ఇల్లు చేరడం. బిస్కెట్ల కంపెనీ పోటీలో అతనికి మొదటి బహుమతి వచ్చింది: పసిఫిక్ సముద్రంలో అగ్నిపర్వతాల నుంచి పుట్టిన దీవులకు భార్యాభర్తలిద్దరికీ ఓడ ప్రయాణం. అక్కడ మనిషి ఎక్కి కూర్చోగలిగినంత పెద్ద తాబేళ్ళున్నాయట. చిన్నప్పుడు బడి పుస్తకంలో వాటి బొమ్మ చూసిన నాటి నుంచి అతని ప్రాణమంతా వాటిమీదే. ఫ్యాక్టరీలో లీవు దొరికింది, పాస్‌పోర్టు వచ్చింది. మరునాడు మద్రాసులో వీసా ఆఫీసరుకు ముఖం చూపిస్తే చాలు. కానీ భార్య వళ్ళియమ్మ, "అమ్మ సరేనంటేనే వస్తా బావా" అని భీష్మించుకుంది.

అత్త తిరుమలమ్మ, స్వయానా మేనత్త కూడా, మగ్గం దగ్గర నుంచి లేవకుండానే అంతా విన్నది.

"నిప్పులు కక్కే కొండకాడికి నా బిడ్డను పిలుచుకోని పోతావా? బుద్ధుండాదా నీకు?"

"అవి ఎప్పుడో సల్లారిపోయినాయి అత్తా!"

"నువ్వు పోయి సెయ్యి పెట్టి తొట్టు సూసినావా?"

ఎంతో బతిమాలితే ఒక షరతు పెట్టింది. కొండమీది స్వామికి గుండు. అదీ ఇప్పుడే.

"మొక్కు తిరిగొచ్చినాక గదా తీర్చేది!"

"నడిసముద్రంలో ఓడ మునిగితే ఎవురు తీరుస్తారు? నేనా?"

గంట తిరక్కుండా జుట్టూ పోయింది, మీసమూ పోయింది. నెత్తిన చందనం మిగిలింది.

మరునాడు ఆఫీసరు పాస్‌పోర్టులోని ఉంగరాల జుట్టునూ మెలితిప్పిన మీసాన్నీ చూశాడు. ఎదురుగా ఉన్న గుండునూ చూశాడు.

"ఈ ఫొటోలో ఎవరు? మీ తమ్ముడా?"

"నేనే సార్! అదే ముక్కు, అవే చెవులు!"

"చెవులు అందరికీ ఉంటాయి."

సాక్ష్యం చెప్పమంటే వళ్ళియమ్మ మొగుడి గుండు వంక చూసి, పొద్దుటినుంచి ఆపుకున్న నవ్వంతా అక్కడే వదిలింది. దొంగలను చూసినట్టు చూశాడు ఆఫీసరు. ముఖానికి తగ్గ ఫొటోతో కొత్త పాస్‌పోర్టు తెచ్చుకొమ్మన్నాడు.

అరుణాచలం మండిపోయాడు. సొంత ముఖానికి సాక్షులు కావాలా! ఇదెక్కడి న్యాయం! ఆ ఉక్రోషంలో సాయంత్రమే గుండుతో ఫొటో తీయించి దరఖాస్తు పెట్టాడు. కంపెనీవాళ్ళు జాలిపడి టిక్కెట్లు తర్వాతి ఓడకు మార్చారు. నెలలు గడిచి, పాతది రద్దయి కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి నెత్తిన మళ్ళీ ఉంగరాల జుట్టు, మూతిమీద మళ్ళీ మీసం.

సెలూనుకు బయల్దేరితే వళ్ళియమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఊరికే గుండు కొట్టించుకుంటే కీడు బావా. అమ్మనడగాల." మళ్ళీ తిరుత్తణి.

"జుట్టు సామి సొత్తు. ఆఫీసరుకిస్తావా?" అని తిరుమలమ్మ గయ్యిమంది. "మొక్కు లేకుండా కత్తి తగలగూడదు."

"అయితే ఇంకో మొక్కు మొక్కు అత్తా! నీ కాళ్ళు పట్టుకుంటా!" నిజంగానే పట్టుకున్నాడు.

ఆవిడ మనసు కరిగింది. కొండవైపు తిరిగి చేతులు జోడించింది. "సామీ, నా బిడ్డా అల్లుడూ ఆ నిప్పుకొండలకాడికి పోకుండా నువ్వే కాపాడు. కాపాడితే అల్లుడికి గుండు కొట్టిస్తా."

గుండు లేనిదే వీసా లేదు, వీసా లేనిదే ఓడ లేదు, ఓడ వెళ్ళిపోతేగానీ గుండు లేదు. ఎవరిమీద అరవాలో తెలియక అరుణాచలం రైలంతా వినబడేలా తనమీద తానే అరుచుకున్నాడు.

ఓడ వెళ్ళిపోయిన మరునాడే మొక్కు తీరింది. అతని తల ఇప్పుడు పాస్‌పోర్టులోని ఫొటోతో అచ్చంగా సరిపోతోంది.